చెప్పులేసుకుని నడవండి

మా కంచరపాలెంలో పది నెలలు ఉక్కపోత,
మిగతా రెండు నెలలూ ఉక్కపోత గురించి కబుర్లు.
"ఈ ఊళ్ళో బొంతేటి ఒదినా?" అంది
మా ఆడపడుచు నూకరత్నం,
ఫ్యాను కింద కూర్చుని కూడా కొంగుతో విసురుకుంటూ.
నేను జవాబు చెప్పలేదు.
నోట్లో దారం ఉంది.

పూర్ణామార్కెట్ సందులో గురునాయుడు టైలరు
కత్తిరింపులు సంచిలో తొక్కి కిలో నలభైకిస్తాడు.
ఎవరి జాకెట్టు చంకో, ఎవరి లంగా అంచో,
ఏ బడి పిల్లదో నీలం గళ్ళ ముక్క.
మంచం మీద బోర్లిస్తే
ముక్కూ మొహం తెలియని ఊరంతా
ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నట్టుంటుంది.

బిస్కెట్ల డబ్బా అట్ట కోసి కొలత చేసుకున్నాను,
నాలుగంగుళాలు, అటూ ఇటూ.
గీసీ గీసీ నూరో ముక్కకి అట్ట అంచు అరిగి
మూడూ ముప్పావు అయిందని
వరసలు కలపబోయేదాకా తెలియలేదు.
పావు అంగుళమే కదా అనుకుంటాం.
పక్క పక్కన పెడితే అదే జానెడవుతుంది.

విప్పాను.
నిజం చెప్పాలంటే కుట్టడం కన్నా
విప్పడమే బాగా వచ్చింది నాకు.
బి షిఫ్టు నుంచి వచ్చి ఆయన
టిఫిన్ క్యారేజీ కింద పెడుతూ
"నిన్న ఇక్కడిదాకా వచ్చింది కదా?" అంటారు.
వచ్చింది.
వెనక్కెళ్ళింది.

సముద్రం ఇంటికి మూడు మైళ్ళ దూరమే అయినా
నా సూదుల్ని వెతుక్కుంటూ వస్తుంది.
పౌడరు డబ్బాలో పడుకోబెట్టినా
వారానికి తుప్పు చుక్కలు పోస్తాయి వాటికి.
డాబా మీద ఆరేసిన తెల్ల అస్తరు
సాయంత్రానికి పోర్టు బొగ్గు పూసుకుని దిగింది.
ఆ ఎర్ర ముక్క సంగతి అడక్కండి.
ఒక్క జాడింపుకే
చుట్టూ ఉన్న ఎనిమిది ఇళ్ళకీ గొడవ అంటించింది.

కానీ ఓ రోజు,
రేకుల మీద వాన, కరెంటు లేదు,
గూడ్సు బండి పోతుంటే కిటికీ ఊచలు సన్నగా వణుకుతున్నాయి.
వెనక్కి తిప్పి చూస్తే
నాలుగు ముక్కల నాలుగు మూలలూ
ఒకే చుక్క మీద నిలబడి ఉన్నాయి.
ఎవర్నీ పిలిచి చూపించేంత సంగతి కాదు.
అయినా పిలిచాను.
కొవ్వొత్తి దగ్గరగా పట్టి చూసి ఆయన
"కలవాలి కదా మరి" అన్నారు.
మూడు రోజులు మాట్లాడలేదు నేను.

బొంత పూర్తయ్యేసరికి మే నెల.
చూస్తేనే చెమట పట్టే బరువు.
ముడిచి అటక మీద పెట్టబోతుంటే
ఎదురింటి పైడిలక్ష్మి పరుగెత్తుకొచ్చింది,
పిల్లాడికి చలిజ్వరం, పళ్ళు టకటకమంటున్నాయట.
మా ఇంట్లో ఎవరూ కప్పుకోకుండానే వెళ్ళిపోయింది బొంత.

ఐదో రోజు తిరిగొచ్చింది,
మడతల్లో అమృతాంజనం వాసన,
ఖాళీ మాత్రల రేకు ఒకటి,
ఓ మూల కషాయం మరక.
రెండుసార్లు నానబెట్టాను.
రంగులన్నీ కాస్త వెలిశాయి కానీ
మరక మాత్రం తేటపడింది.
ఆ పిల్లాడిప్పుడు మా గుమ్మంలో గోళీలాడుతూ
"మా బొంతేది?" అని అడుగుతాడు.

నిన్న నూకరత్నం ఫోను:
"ఒదినా, ఏసీ పెట్టించాం.
తెల్లారుజామున ఒకటే చలి.
నాకూ ఒకటి కుట్టవూ?"
నవ్వు ఆపుకోడానికి
నిజంగానే దారం నోట్లో పెట్టుకున్నాను.

కొత్త సంచి బోర్లించాను.
కొత్త అట్ట కోశాను, ఈసారి రేకుది.
మొదటి వరసలో మూడో ముక్క దగ్గర
చేతిలో సూది లేదు.
ఒళ్ళో లేదు, చాప మీద లేదు,
పాత స్పీకరు అయస్కాంతం పెట్టి గచ్చంతా దేవుతున్నాను,
మేకు దొరికింది, హెయిర్‌పిన్ను దొరికింది.
ఏవండీ,
వచ్చేటప్పుడు చెప్పులు గుమ్మంలో వదలకండి.